అత్యధిక ఉష్ణోగ్రతకు ఆప్టికల్ ఫైబర్ సెన్సర్: ఏ కొలిమికి ఏది సరిపోతుంది?

అత్యధిక ఉష్ణోగ్రతలను కొలవడానికి ఆప్టికల్ ఫైబర్ సెన్సర్ కోసం వెతికేవారు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: ఇది ఎన్ని డిగ్రీల వరకు తట్టుకుంటుంది? అడగవలసిన ప్రశ్నే, కానీ ఆ ఒక్క జవాబును పట్టుకొని ఎంపిక చేస్తే చిక్కుల్లో పడతాం. తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో కనిపించే గరిష్ఠ ఉష్ణోగ్రత చాలాసార్లు ప్రయోగశాలలో, శుభ్రమైన గాలిలో, ఫైబర్‌పై ఏ లాగుడూ లేకుండా, కొన్ని గంటల పాటు నిలిచిన అంకె. నెలల తరబడి కొలిమిలో ఉండవలసిన సెన్సర్ గురించి తెలుసుకోవలసింది ఇంకా ఉంది: ఆ వేడి దగ్గర అది ఎన్ని గంటలు పని చేస్తుంది, చుట్టూ ఏ వాయువులు ఉంటాయి, వెయ్యి గంటల తర్వాత దాని రీడింగ్ ఎన్ని డిగ్రీలు పక్కకు జరుగుతుంది. కాంతితో ఉష్ణోగ్రతను చదివే పద్ధతులు ఎన్నో ఉన్నాయి, అవి బాగానే పని చేస్తాయి. సెన్సర్ చెడిపోయినప్పుడు మాత్రం తప్పు చాలాసార్లు దాన్ని మోసే పదార్థంలోనే బయటపడుతుంది. అందుకే ఈ పోలికను పదార్థంతో మొదలుపెట్టి ఆ తర్వాత పద్ధతుల దగ్గరికి వెళతాను. ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనివే.

అసలు ఫైబర్ అవసరమా?

ఈ ప్రశ్నను దాటవేయడం తగదు. థర్మోకపుల్ అంటే రెండు వేర్వేరు లోహపు తీగల అతుకు దగ్గరి వేడిని చిన్న వోల్టేజీగా చూపే పరికరం. ప్లాటినం, రోడియం తీగలతో చేసే ఎస్ రకం థర్మోకపుల్‌కు ప్రామాణిక పట్టిక 1768 డిగ్రీల వరకు ఉంది, బి రకానికి 1820 డిగ్రీల వరకు ఉంది. నికెల్ మిశ్రమాలతో చేసే కె రకం అంతకంటే చాలా చవకగా వెయ్యి డిగ్రీల పరిసరాల్లో పని చేస్తుంది. ఒకే బిందువు దగ్గర, విద్యుత్ గోల లేని కొలిమిలో, అరిగినప్పుడు మార్చుకొనే వీలున్న చోట థర్మోకపుల్ పెట్టుకోవడమే తెలివైన పని. అయితే ఎస్ రకం ఒక్కో డిగ్రీకి ఇచ్చేది పది పన్నెండు మైక్రోవోల్టులే కాబట్టి, ఇండక్షన్ ఫర్నేస్ చుట్టల మధ్య లేదా మైక్రోవేవ్ గదిలో ఆ చిన్న సంకేతం గోలలో మునిగిపోతుంది. ఒకే సన్నని రంధ్రం గుండా అనేక బిందువులను కొలవాలన్నా, తీగల గుండా విద్యుత్తు లోపలికి వెళ్లడమే ప్రమాదమైనా, థర్మోకపుల్ లోహాన్ని కొలిమి వాయువులు కొన్ని వారాల్లోనే పాడుచేస్తున్నా ఫైబర్ వైపు చూడటానికి బలమైన కారణం ఉన్నట్టే.

సిలికా ఫైబర్: అందరికీ తెలిసినదే, హద్దు మాత్రం కఠినం

టెలికాం రంగంలో వాడే ఫైబర్ సిలికా గాజుతో తయారవుతుంది. సిలికా మెత్తబడేది 1600 డిగ్రీలు దాటిన తర్వాతే కదా, వెయ్యి దగ్గర భయమేమిటని అనిపించవచ్చు. నిజానికి గాజు కరగకముందే రెండు మార్పులు మొదలవుతాయి. వెయ్యి డిగ్రీల పైన చాలాసేపు ఉంచితే అది నెమ్మదిగా స్ఫటికంగా మారడం ప్రారంభిస్తుంది. నీటి ఆవిరీ, సోడియం, పొటాషియం వంటి క్షారాల జాడలూ తగిలితే ఈ మార్పు ఇంకా వేగంగా జరుగుతుంది. చెమట పట్టిన వేలితో ముట్టుకున్న చోట ఉప్పు మిగులుతుంది కాబట్టి సరిగ్గా ఆ చోటే మచ్చ మొదలవుతుంది. అలా మారిన ఫైబర్‌ను చల్లారాక బయటకు తీసి చూస్తే పారదర్శకత పోయి, తెల్లటి పొగమంచు పట్టినట్టు ఉంటుంది. చిటికెన వేలితో కొద్దిగా వంచగానే ఎండు పుల్లలా విరిగిపోతుంది. రెండో మార్పు కంటికి కనపడదు: కాంతి నడిచే మధ్య భాగమైన కోర్‌లో కలిపిన జెర్మేనియం వేడికి పక్కకు వ్యాపిస్తూ కాంతి మార్గాన్నే మార్చేస్తుంది. ఈ కారణాల వల్ల దీర్ఘకాలిక వినియోగానికి సిలికాను వెయ్యి డిగ్రీల లోపే ఉంచాలని నేను గట్టిగా చెబుతాను. అంతకు మించిన అంకెలు స్వల్పకాలిక పరీక్షలకే పనికొస్తాయి.

పూత సంగతి ఇంతకంటే ముందే వస్తుంది. మామూలు అక్రిలేట్ పూత 85 డిగ్రీలకే హద్దు చేరుతుంది, పాలిఇమైడ్ సుమారు 300 వరకు, అల్యూమినియం 400 వరకు, బంగారు పూత దాదాపు 700 వరకు నిలుస్తాయి. అంతకు పైన పూత లేని ఫైబరే గతి. పాలిఇమైడ్ పూసిన ఫైబర్‌ను అలాగే సన్నని గొట్టంలో దూర్చి 800 డిగ్రీలకు తీసుకెళ్తే పూత మాడి బొగ్గు అవుతుంది, ఆ బొగ్గు ఫైబర్‌ను గొట్టం గోడకు అతికించి లాగుతుంది, ఆ లాగుడు రీడింగ్‌లో ఉష్ణోగ్రతగా కనిపిస్తుంది. వేడి చోటుకు వెళ్లే భాగం మీది పూతను ముందే తీసివేశారా అని అడగడం చిన్న విషయమే, కానీ ఆ ఒక్క ప్రశ్నతో సరఫరాదారు పని తెలిసినవాడో కాదో తేలిపోతుంది.

బ్రాగ్ గ్రేటింగ్‌లలో ఏది?

ఫైబర్ కోర్‌లో కాంతి వల్ల వక్రీభవన గుణకం శాశ్వతంగా మారుతుందని 1978లో కెనడాలోని ఒట్టావాలో కెన్ హిల్ బృందం గమనించింది. ఆ మార్పును క్రమమైన గీతలుగా రాస్తే (ఆ గీతల వరుసే బ్రాగ్ గ్రేటింగ్) ఒక్క తరంగదైర్ఘ్యం మాత్రమే వెనక్కి ప్రతిఫలిస్తుంది, ఉష్ణోగ్రత పెరిగితే ఆ తరంగదైర్ఘ్యం జరుగుతుంది. 1550 నానోమీటర్ల దగ్గర గది ఉష్ణోగ్రతలో ఈ జరుగుడు డిగ్రీకి పది పికోమీటర్లకు కాస్త పైన ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ ఇంకొంత పెరుగుతుంది. కాంతి తీవ్రత తగ్గినా తరంగదైర్ఘ్యం మారదు కాబట్టి కనెక్టర్‌లో దుమ్ము పడినా, కేబుల్ వంగినా కొలత చెడదు. ఈ ఒక్క గుణమే గ్రేటింగ్‌ను పరిశ్రమలోకి తెచ్చింది.

అయితే గ్రేటింగ్‌లన్నీ ఒకటి కావు. అతినీలలోహిత కాంతితో రాసే మామూలు గ్రేటింగ్ 300 డిగ్రీలు దాటాక క్రమంగా చెరిగిపోతుంది. కొలిమికి దాన్ని అసలు తీసుకోవద్దు. అతి స్వల్ప కాలపు కాంతి మెరుపులనిచ్చే ఫెమ్టోసెకండ్ లేజర్‌తో గాజు నిర్మాణాన్నే మార్చి రాసిన గ్రేటింగ్‌లు వెయ్యి డిగ్రీల దగ్గర కూడా నిలిచాయి. మూడోది పునరుత్పన్న గ్రేటింగ్: హైడ్రోజన్ నింపిన ఫైబర్‌లో ముందు ఒక గ్రేటింగ్ రాసి, దాన్ని సుమారు 900 డిగ్రీల దగ్గర పూర్తిగా చెరిగిపోనిస్తే, అదే చోట బలహీనమైన కొత్త గ్రేటింగ్ పుట్టుకొస్తుంది. చెరిపిన వేడికే పుట్టింది కాబట్టి అది వేడికి జంకదు. 2008లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఇలాంటి గ్రేటింగ్ 1295 డిగ్రీల వరకు నిలిచింది. వినడానికి అద్భుతంగా ఉన్న ఈ పద్ధతిలో గ్రేటింగ్ బతికినా ఫైబర్ పెళుసుబారుతుంది, పైన చెప్పిన సిలికా హద్దు దానికీ వర్తిస్తుంది. నెలల పాటు 700 నుంచి 900 డిగ్రీల మధ్య ఉండే చోటుకు నేనైతే ఫెమ్టోసెకండ్ గ్రేటింగ్‌నే ఎంచుకుంటాను. రీడింగ్ స్థిరత్వమే ముఖ్యమై, ఒకసారి బిగించాక ఎవరూ ముట్టుకోని ప్రయోగశాల కొలిమి అయితే పునరుత్పన్న గ్రేటింగ్ మంచి ఎంపిక.

ఒకే ఫైబర్‌లో ఇరవై గ్రేటింగ్‌లు పెట్టవచ్చనే మాటను ఇక్కడ యథాతథంగా తీసుకోకూడదు. గది ఉష్ణోగ్రత నుంచి వెయ్యి డిగ్రీలకు వెళ్లేసరికి ఒక్కో గ్రేటింగ్ సుమారు 14, 15 నానోమీటర్లు జరుగుతుంది. చదివే పరికరం పరిధి 40 నానోమీటర్లే అయితే, పక్కపక్క గ్రేటింగ్‌లు ఒకదాని మీద ఒకటి పడకుండా అందులో ఇమిడేవి రెండు, మహా అయితే మూడు. వంతెన మీద ఇరవై బిందువులను చదివే అదే పరికరం కొలిమిలో రెండు మూడింటితో సరిపెట్టుకుంటుంది. ఎక్కువ బిందువులు కావాలంటే 80 నానోమీటర్లు లేదా అంతకు మించిన పరిధి గల పరికరమో, కాంతి తిరిగివచ్చే సమయాన్ని బట్టి గ్రేటింగ్‌లను విడదీసే పరికరమో తీసుకోవాలి. ఈ లెక్క ఆర్డర్ ఇచ్చే ముందే వేసుకోవాలి, ఎందుకంటే ఖర్చులో పెద్ద భాగం ఆ పరికరానిదే.

గ్రేటింగ్‌కు వేడీ లాగుడూ ఒకేలా కనిపిస్తాయన్నది మరువరాదు. మీటరు పొడవుకు పది మైక్రాన్ల సాగుడు దాదాపు ఒక డిగ్రీ తప్పు చూపుతుంది. అందువల్ల ఫైబర్‌ను గొట్టంలో వదులుగా, ఒక కొన మాత్రమే బిగించి ఉంచాలి. రెండు కొనలూ బిగించి ఉంటే 900 డిగ్రీల పైన గాజు తన మీది లాగుడుకే నెమ్మదిగా సాగుతూ పోయి, కొలిమి వేడి ఏమీ మారకపోయినా రీడింగ్ రోజురోజుకూ జరుగుతూ ఉంటుంది.

పొడవంతా కొలవాలంటే

బిందువులు కాక ఫైబర్ పొడవంతా ఉష్ణోగ్రత చిత్రం కావాలంటే, ఫైబర్ లోపలే చెదిరి వెనక్కి వచ్చే కాంతిని చదివే రామన్ లేదా రేలీ పద్ధతులు ఉన్నాయి. రామన్ పద్ధతి మీటరుకో అరమీటరుకో ఒక విలువ ఇస్తూ కిలోమీటర్ల దూరం చూడగలదు. రేలీ పద్ధతి పదుల మీటర్ల పొడవులో మిల్లీమీటర్ల స్థాయి వివరం ఇస్తుంది. రెండూ సిలికా ఫైబర్ మీదే ఆధారపడతాయి కాబట్టి బంగారు పూతతో 700 డిగ్రీల వరకు వీటిని నమ్మవచ్చు. ఆ పైన రేలీ పద్ధతి ఆధారపడే సహజ గుర్తులు వేడికి మారిపోతూ, మొదట తీసుకున్న పోలిక రీడింగ్‌కు అందకుండా పోతాయి. కొలిమి బయటి ఇటుక గోడలోనో, రియాక్టర్ పాత్ర ఉపరితలం మీదో వేడి మచ్చను పట్టుకోవడానికి ఇవి తగినవి. జ్వాల లోపలికి ఇవి పనికిరావు.

సఫైర్ ఫైబర్: వెయ్యి దాటాక నిజమైన దారి

సఫైర్ అంటే ఇక్కడ కృత్రిమంగా పెంచిన, రంగులేని నీలమణి స్ఫటికం. అల్యూమినియం ఆక్సైడ్ ఏకస్ఫటికం. దాని ద్రవీభవన స్థానం 2040 డిగ్రీల పైన ఉంటుంది. ముందే స్ఫటికం కాబట్టి సిలికాలా స్ఫటికంగా మారిపోయే బెడద దానికి లేదు. కానీ గాజులా కిలోమీటర్ల పొడవు లాగలేం. కరిగిన పదార్థం నుంచి మెల్లగా పెంచుతారు కాబట్టి సాధారణంగా మీటరో రెండు మీటర్లో దొరుకుతుంది. దానికి క్లాడింగ్ (కాంతి బయటకు పోకుండా కోర్‌ను చుట్టి ఉండే పొర) లేదు, చుట్టూ ఉన్న గాలే క్లాడింగ్. అంటే ఫైబర్ పక్క గోడకు మసి అంటినా, సిరామిక్ గొట్టానికి ఆనుకున్నా అక్కడ కాంతి కారిపోతుంది. పైగా దానిలో వేలాది మార్గాల్లో కాంతి ఒకేసారి ప్రయాణిస్తుంది, అందువల్ల సున్నితమైన తరంగ కొలతలు మసకబారతాయి.

సఫైర్‌ను సిలికా ఫైబర్‌కు కలిపే అతుకు ఎప్పుడూ చల్లని వైపు ఉండాలి. సఫైర్ వేడికి వ్యాకోచించే రేటు సిలికా కంటే పది రెట్ల దాకా ఎక్కువ, వక్రీభవన గుణకాలు 1.74, 1.44గా వేరు. ఆ హద్దు దగ్గర దాదాపు ఒక శాతం కాంతి వెనక్కి తిరుగుతుంది, వేడి చల్లదనాల మార్పుల్లో అతుకు పగులుతుంది. సఫైర్ సెన్సర్ కొనేటప్పుడు అతుకు ఏ ఉష్ణోగ్రత వరకు సురక్షితమో, కొలిమి గోడ మందం దాటి అది బయట పడుతుందో లేదో కొలిచి చూసుకోవాలి.

సఫైర్‌తో చేసే సెన్సర్లు ప్రధానంగా మూడు దారుల్లో ఉన్నాయి. మొదటిది కొనను ఒక చిన్న నల్లని కుహరంలా మార్చి, అది వెలిగే వెలుగును కొలవడం. 1983లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో డిల్స్ ఈ పద్ధతిని రూపొందించారు. కొనకు ఇరిడియం లాంటి లోహపు పలుచని పూత వేసి, ఆ పూత వెలుగును, వేడి వస్తువు వెలుగుకూ ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధాన్ని చెప్పే ప్లాంక్ సూత్రంతో ఉష్ణోగ్రతగా మార్చారు. అంతర్జాతీయ ఉష్ణోగ్రత మానం కూడా వెండి ఘనీభవించే 961.78 డిగ్రీల పైన ప్లాంక్ సూత్రం మీదే నిర్వచించబడింది కాబట్టి, ఈ సెన్సర్ మానానికి అతి దగ్గరి బంధువు. దీనికి బయటి నుంచి లేజర్ అక్కరలేదు, చదివే పరికరం సరళం, స్పందన వేగం ఎక్కువ. 500 డిగ్రీల కింద వెలుగు చాలనంత మసక అవుతుంది, అదే దీని కింది హద్దు.

దీని బలహీనత కాంతి తీవ్రత మీద ఆధారపడటమే. ఒక లెక్క చూద్దాం. వెయ్యి డిగ్రీల దగ్గర 0.9 మైక్రాన్ తరంగదైర్ఘ్యంలో కొలుస్తున్నప్పుడు, ఫైబర్ మీద పట్టిన మసి వల్ల ఒక శాతం కాంతి పోతే రీడింగ్ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. పది శాతం పోతే సుమారు పది డిగ్రీలు. అదే 1.6 మైక్రాన్ల దగ్గర కొలిస్తే ఒక శాతానికి దాదాపు 1.8 డిగ్రీల తప్పు వస్తుంది. కాబట్టి వెలుగు చాలినంత ఉన్నంతవరకు పొట్టి తరంగదైర్ఘ్యమే మేలు. రెండు రంగుల నిష్పత్తిని కొలిస్తే మసి బాధ తీరుతుందని తరచుగా చెబుతారు. రెండు రంగులూ సమంగా తగ్గినంతవరకు అది నిజం. కానీ 0.8, 0.95 మైక్రాన్ల జంటలో ఒక రంగు మరో దానికంటే ఒక్క శాతం ఎక్కువ తగ్గినా తప్పు ఐదారు డిగ్రీలు అవుతుంది. మసి సమంగా పట్టే చోట నిష్పత్తి పద్ధతి, పట్టే పొర స్వభావమే మారుతూ ఉండే చోట పొట్టి తరంగదైర్ఘ్యంతో ఏకరంగ పద్ధతి, తరచుగా తనిఖీ: ఇది నా సలహా.

రెండోది సఫైర్‌లోనే రాసిన బ్రాగ్ గ్రేటింగ్. 2004లో ఒట్టావాలోనే గ్రోబ్నిక్, మిహాయిలోవ్‌లు ఫెమ్టోసెకండ్ లేజర్‌తో దీన్ని సాధించి 1500 డిగ్రీల వరకు పరీక్షించారు; తర్వాత జర్మనీలోని యెనా పరిశోధకులు 1900 డిగ్రీల వరకు కొలిచి చూపారు. మసి పట్టినా తరంగదైర్ఘ్యం జరగదు అన్న సుగుణం ఇక్కడా ఉంది, ఒకే ఫైబర్‌లో కొన్ని బిందువులు పెట్టవచ్చు. డిగ్రీకి జరుగుడు సుమారు 25 పికోమీటర్లు, సిలికా కంటే రెట్టింపు. కానీ అనేక మార్గాల కాంతి వల్ల ప్రతిఫలన శిఖరం కొన్ని నానోమీటర్ల వెడల్పుగా పరుచుకుంటుంది. ఆరు నానోమీటర్ల వెడల్పు శిఖరంలో ఒక డిగ్రీని పట్టుకోవాలంటే దాని వెడల్పులో రెండు వందల నలభయ్యో వంతును గుర్తించాలి. ఫైబర్ కాస్త వంగితే మార్గాల మధ్య కాంతి పంపకం మారి శిఖరం ఆకారమే మారుతుంది. ఫైబర్ కదలకుండా బిగించగలిగే చోట, 1000 నుంచి 1600 డిగ్రీల మధ్య రెండు మూడు బిందువులు కావలసిన వారికి ఇది సరైనది.

మూడోది ఫాబ్రీ–పెరో కుహరం: సఫైర్ ఫైబర్ కొనకు ఎదురుగా పలుచని సఫైర్ పలక ఉంచి, దాని రెండు ముఖాల నుంచి వచ్చే కాంతి కలిసి ఏర్పడే వెలుగు నీడల చారలను (వ్యతికరణ చారలను) చదువుతారు. చారల మధ్య దూరమే కొలత కాబట్టి తీవ్రత తగ్గినా చెడదు. అమెరికాలోని వర్జీనియా టెక్ బృందం సఫైర్ స్ఫటికంలో వ్యతికరణంతో కొలిచే సెన్సర్లను బొగ్గును వాయువుగా మార్చే గ్యాసిఫైయర్ దాకా తీసుకెళ్లింది. ఒకే బిందువు చాలు, మసి తప్పదు, తరచుగా కాలిబ్రేషన్ (ప్రామాణిక విలువతో పోల్చి సరిచేయడం) చేసే వీలు లేదు అంటే వెలుగు కొలిచే సెన్సర్ కంటే ముందు దీన్ని పరిశీలించమంటాను. పలకను పట్టి ఉంచే సిరామిక్ అతుకు ఎన్నిసార్లు వేడెక్కి చల్లారినా నిలుస్తుందో మాత్రం పరీక్షా ఫలితం చూపమని అడగాలి.

ప్రతిదీప్తి (కాంతి తగిలాక పదార్థం తానే వెలిగే వెలుగు) ఆరిపోయే సమయాన్ని కొలిచే సెన్సర్లనూ కొందరు ప్రస్తావిస్తారు. కెంపు స్ఫటికంలో గది ఉష్ణోగ్రత దగ్గర ఆ సమయం కొన్ని మిల్లీసెకన్లు ఉండి, 500 డిగ్రీల పరిసరాలకు చేరేసరికి బాగా కుదించుకుపోతుంది. అరుదైన మూలకాలు కలిపిన వైఏజీ (ఇట్రియం అల్యూమినియం గార్నెట్) స్ఫటికాలు ఇంకా పైకి వెళ్తాయి, కానీ అక్కడ కొలిమి సొంత వెలుగే సంకేతాన్ని మింగేయడం మొదలవుతుంది. 500 కింద ఇది చక్కని పద్ధతి, వెయ్యి దాటే చోట మొదటి ఎంపిక కాదు.

తొడుగు, కాలిబ్రేషన్

సెన్సర్ ఎంత మంచిదైనా దాని ఆయువు తొడుగు గొట్టంలోనే ఉంటుంది. అధిక శుద్ధత గల అల్యూమినా గొట్టం గాలిలో బాగా నిలుస్తుంది, కానీ క్షారాలున్న కరిగిన కిట్టం (స్లాగ్) దాన్నీ, లోపలి సఫైర్‌నీ నెమ్మదిగా కరిగించుకుంటుంది; రెండూ ఒకే ఆక్సైడ్ కదా. గొట్టం మందం పెంచితే ఆయువు పెరుగుతుంది, స్పందన మాత్రం మందగిస్తుంది. సన్నని ఫైబర్ కొన విడిగా ఉన్నప్పుడు క్షణంలో చూపే మార్పును మందపాటి గొట్టంలో పెట్టాక అనేక సెకన్ల తర్వాతే చూపుతుంది. జ్వాల ఊగిసలాటను చూడాలనుకునేవారు ఈ కోల్పోవడాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

ప్రతి సెన్సర్‌నూ కొలిమిలో పెట్టకముందు అది పని చేయబోయే ఉష్ణోగ్రత కంటే కొంచెం పైన కొన్ని పదుల గంటలు ఉంచి, రీడింగ్ కుదుటపడ్డాకే కాలిబ్రేట్ చేయాలి. తాజా గ్రేటింగ్‌ను నేరుగా కాలిబ్రేట్ చేస్తే మొదటి వారంలోనే ఆ పట్టిక పాతబడుతుంది. పోలిక కోసం స్థిర బిందువులు అందుబాటులో ఉన్నాయి: అల్యూమినియం 660.323, వెండి 961.78, బంగారం 1064.18, రాగి 1084.62 డిగ్రీల దగ్గర ఘనీభవిస్తాయి. వీటిలో కనీసం ఒకటి, మీ పని ఉష్ణోగ్రతకు దగ్గరిది, సరఫరాదారు ఇచ్చే కాలిబ్రేషన్ పత్రంలో ఉండాలి. రాగి బిందువు పైకి కాలిబ్రేషన్‌ను పొడిగించి చెబుతుంటే, ఆ పొడిగింపు ఏ సూత్రంతో, ఏ పోలిక పరికరంతో చేశారో రాతపూర్వకంగా అడగండి.

బిగించేటప్పుడు సెన్సర్ గొట్టం పక్కనే రెండో గొట్టం ఒకటి ఖాళీగా వదలండి. మొదటి నెలంతా అందులో ఒక ఎస్ రకం థర్మోకపుల్ ఉంచి, రెండు రీడింగులనూ రోజూ ఒకే వేళకు నమోదు చేయండి. ఆ తర్వాత మూడు నెలలకోసారి దాన్నే తిరిగి దించి చూస్తే, ఫైబర్ ఎటు జరుగుతోందో కొలిమిని ఆపకుండానే తెలుస్తుంది.